యుద్ధం నడుస్తున్న దేశంలో అధ్యక్ష ఎన్నిక: బయటివాళ్ళ చెయ్యి ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

యుద్ధంలో నలుగుతున్న ఏ దేశంలో ఎన్నిక జరిగినా రెండు మాటలు ఖాయంగా వినిపిస్తాయి. ఒకటి "ప్రజాస్వామ్యం గెలిచింది", రెండోది "అంతా అమెరికా ఆడించిన నాటకం" (అమెరికా బదులు రష్యా, ఇరాన్, పాకిస్తాన్, ఫ్రాన్స్, మీకు ఏది గిట్టకపోతే అది పెట్టుకోండి). రెండూ వార్త చదవకుండానే అనేయగలిగిన మాటలు, అందుకే రెండింటితోనూ ఉపయోగం లేదు. అలాంటి దేశంలో బయటివాళ్ళ చెయ్యి ఎలాగూ ఉంటుంది, అందులో కొత్తేమీ లేదు. ఏ దేశం చెయ్యి, ఏ రోజున, ఏ పని మీద పడింది, దానివల్ల చివరికి ఏం మారింది అని విడివిడిగా చూస్తే అప్పుడు ఏదో ఒకటి తెలుస్తుంది. అలా చూసే పద్ధతి రాస్తున్నా, చదివి మీరూ వాడుకోండి.

ఉదాహరణకి ఎక్కువగా అఫ్గానిస్తాన్‌నే పట్టుకుంటాను. 2004, 2009, 2014, 2019, నాలుగు అధ్యక్ష ఎన్నికలు, నాలుగూ యుద్ధం మధ్యలోనే జరిగాయి, చివరిసారి గెలిచిన అష్రఫ్ ఘనీ 2021 ఆగస్టు 15న దేశం వదిలి వెళ్ళిపోవడంతో ఆ అధ్యాయం ముగిసిపోయింది కాబట్టి మొదటి నుంచి చివరి దాకా తీరిగ్గా చూడటానికి వీలుంది. దారిలో ఉక్రెయిన్, మధ్య ఆఫ్రికా గణతంత్రం లాంటివి కొంచెం తగులుతాయి.

ముందు ఒక నోట్‌బుక్ తీసుకోండి, ఫోన్‌లో నోట్స్ అయినా పర్లేదు. పేజీని నాలుగు గడులు చేయండి: తేదీ, ఎవరు, ఏం చేశారు, ఈ సంగతి మనకి ఎవరు చెప్పారు. ఆ నాలుగో గడిని చాలామంది ఖాళీగా వదిలేస్తారు. నేనూ మొదట్లో వదిలేసేవాడిని, తర్వాత ఏ మాట ఎక్కడ చదివానో తెలీక రాసుకున్నదాంట్లో సగం కొట్టేయాల్సి వచ్చింది. మీరు ఆ పని చేయకండి.

పోలింగ్ రోజు నుంచి మొదలుపెట్టకండి

టీవీలో కనిపించేది పోలింగ్ రోజే: బురఖాల్లో క్యూలు, సిరా అంటిన వేళ్ళు, గాడిదల మీద కొండలెక్కే బ్యాలెట్ పెట్టెలు. ఫొటోలు బాగుంటాయి. కానీ బయటివాళ్ళు చేయదలుచుకున్న పనిలో పెద్ద భాగం అప్పటికే అయిపోయి ఉంటుంది, కాబట్టి మీ నోట్‌బుక్‌లో మొదటి తేదీ పోలింగ్‌కి కనీసం రెండు మూడేళ్ళ ముందుది ఉండాలి. పోటీ చేసేవాళ్ళలో ఇప్పటికే కుర్చీలో ఉన్నవాడు ఎవరు, ఆ కుర్చీలోకి ఎలా వచ్చాడు, ఆ రోజు గదిలో ఎవరెవరున్నారు అని వెతకండి.

2004 ఎన్నికని ఇలా చదివితే మీరు 2001 డిసెంబరుకి, జర్మనీలోని బాన్ సమావేశానికి చేరతారు. తాలిబన్ ప్రభుత్వం కూలిపోతున్న రోజులు, అఫ్గాన్ వర్గాలన్నింటినీ ఐక్యరాజ్యసమితి ఒకచోట కూర్చోబెట్టింది. మాజీ రాజు జహీర్ షా తరఫున వచ్చినవాళ్ళు తమలో తాము ఓటేసుకుంటే ఎక్కువ ఓట్లు పడింది అబ్దుల్ సత్తార్ సీరత్‌కి, కానీ తాత్కాలిక నాయకుడిగా బయటికొచ్చిన పేరు హమీద్ కర్జాయ్‌ది. ఆయన ఆ హాల్లో లేరు కూడా, అఫ్గానిస్తాన్ నుంచే శాటిలైట్ ఫోన్‌లో మాట్లాడారు. ఆర్నెల్ల తర్వాత, 2002 జూన్‌లో కాబూల్‌లో లోయా జిర్గా పెట్టారు, అంటే దేశం నలుమూలల నుంచి పెద్దలొచ్చే మహాసభ. వచ్చినవాళ్ళలో చాలామంది ముసలి రాజే పగ్గాలు పట్టాలని కోరుకుంటున్నారు. సభ మొదలవడం ఆలస్యమైంది, ఈలోపు అమెరికా ప్రత్యేక ప్రతినిధి జల్మే ఖలీల్‌జాద్ విలేకరుల ముందుకొచ్చి రాజుగారు పోటీలో లేరని చెప్పేశారు. రాజు తప్పుకున్న సంగతి రాజు కంటే ముందు వేరే దేశం ప్రతినిధి నోటి నుంచి రావడం, ఇలాంటిది కనబడితే కింద గీత గీసి పెట్టుకోండి.

2004 అక్టోబరు 9న పోలింగ్ జరిగింది, 18 మంది అభ్యర్థులు, సుమారు 80 లక్షల ఓట్లు, కర్జాయ్‌కి 55.4 శాతం, రెండో స్థానంలో ఉన్న యూనుస్ ఖానూనీకి 16.3 శాతం. చాలామంది ఇక్కడే తొందరపడతారు. బాన్‌లో బయటివాళ్ళు ముందుకు తోశారు కాబట్టి 2004 ఓట్లు కూడా బూటకం అనేస్తారు. అలా ఏమీ కాదు. జనం నిజంగానే బారులు తీరారు, చాలామంది ఆయనకే వేయాలనుకుని వేశారు, అదే సమయంలో దాదాపు మూడేళ్ళుగా ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి చూపించింది బయటివాళ్ళే. రెండూ నిజమే, రెండింటినీ పక్కపక్కనే రాసుకోండి.

అదే గీతలో రాజ్యాంగాన్ని కూడా చూడండి. 2004 జనవరిలో ఆమోదించిన అఫ్గాన్ రాజ్యాంగం అధికారమంతా ఒక్క అధ్యక్షుడి చేతిలో పెట్టింది, గెలవాలంటే సగం కన్నా ఎక్కువ ఓట్లు రావాలి, లేదంటే మొదటి ఇద్దరి మధ్య రెండో విడత. చూడటానికి మామూలు నియమమే. కానీ పష్తూన్, తాజిక్, హజారా, ఉజ్బెక్ వర్గాల చేతుల్లో తుపాకులు ఉన్నచోట ఓడినవాడికి ఏమీ మిగలని ఏర్పాటు ఇది, కాబట్టి ప్రతి ఎన్నికా జీవన్మరణ సమస్య అవుతుంది, తగువు వస్తుంది, తగువు తీర్చడానికి ఎవరో ఒకరు విమానం దిగాల్సి వస్తుంది.

డబ్బు రెండు రకాలు

ఒకటి ఎన్నిక నడపడానికి అయ్యే ఖర్చు: బ్యాలెట్లు, పెట్టెలు, హెలికాప్టర్లు, సిబ్బంది జీతాలు. అఫ్గానిస్తాన్‌లో దీంట్లో సింహభాగం దాత దేశాలే ఐక్యరాజ్యసమితి ద్వారా ఇచ్చాయి. ఇది బహిరంగమైన డబ్బు, నివేదికల్లో ఉంటుంది, అందుకే దీనిమీద ఎవరూ గోల చేయరు. కానీ ఎన్నిక ఏ నెలలో జరగాలి అనేదాంట్లో డబ్బు ఇచ్చేవాడి క్యాలెండర్ కూడా ఉంటుందని మర్చిపోకండి.

రెండోది సంచుల్లో వచ్చేది. 2010 అక్టోబరులో కర్జాయ్ స్వయంగా ఒప్పుకున్నారు, ఇరాన్ తన కార్యాలయానికి ఏడాదికి ఒకటి రెండుసార్లు ఐదు లక్షలు, ఆరు లక్షలు, ఏడు లక్షల యూరోల దాకా నగదు ఇస్తోందని. అమెరికా కూడా సంచులిస్తోందని అప్పుడే అన్నారు. 2013 ఏప్రిల్‌లో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ నుంచి ఏళ్ళ తరబడి నగదు అందుతున్న సంగతి బయటికొచ్చింది, దాన్నీ ఆయన ఒప్పుకున్నారు, పైగా ఆపొద్దని అడిగానని చెప్పారు.

ఈ రెండు ఘటనల్ని పక్కపక్కన పెడితే ఒక విషయం అర్థమవుతుంది, నాకైతే మొత్తం పద్ధతిలో ఇదే ముఖ్యం. ఒకే మనిషి టెహ్రాన్ దగ్గరా వాషింగ్టన్ దగ్గరా తీసుకున్నాడు, ఇద్దరికీ పూర్తిగా లొంగలేదు. అమెరికా సైన్యం 2014 తర్వాత కూడా ఉండటానికి కావాల్సిన భద్రతా ఒప్పందం మీద సంతకం పెట్టమని అమెరికా ఎంత ఒత్తిడి తెచ్చినా ఆయన దిగిపోయేదాకా పెట్టలేదు. అందుకని "ఫలానా దేశం డబ్బిచ్చింది" అని రాసుకున్నాక అక్కడితో ఆగకూడదు, దాని పక్కనే "బదులుగా ఏం దొరికింది" అని ఇంకో ప్రశ్న వేసుకోవాలి. చాలాసార్లు జవాబు "పెద్దగా ఏమీ లేదు" అని వస్తుంది, అప్పుడు అలాగే రాయండి, నిరాశపడకండి.

తీర్పరిని ఎవరు పెట్టారు

ఓట్లు లెక్కపెట్టే కమిషన్ ఒకటి, ఫిర్యాదులు వినే కమిషన్ ఇంకొకటి ఉంటాయి. వార్తల్లో రెండింటినీ కలిపేసి "ఎన్నికల సంఘం" అనేస్తారు, మీరు మాత్రం కలపకండి. ఒక్కో కమిషన్‌లో ఎంతమంది, ఒక్కొక్కరిని ఎవరు నియమించారు, తీసేసే అధికారం ఎవరిది అని చూడండి. పది నిమిషాల పని, కానీ తర్వాత నెలల తరబడి వచ్చే వార్తలన్నీ దీనితోనే అర్థమవుతాయి.

2009లో అఫ్గాన్ లెక్కింపు కమిషన్ సభ్యుల్ని నియమించింది అధ్యక్షుడు కర్జాయ్, ఆయనే అభ్యర్థి కూడా. ఫిర్యాదుల కమిషన్‌లో ఐదుగురుంటే ముగ్గుర్ని నియమించింది ఐక్యరాజ్యసమితి, దాని అధ్యక్షుడు గ్రాంట్ కిప్పెన్ అనే కెనడా దేశస్థుడు. ఇక కథ ఎటు పోతుందో మీరే ఊహించొచ్చు. ఆగస్టు 20న పోలింగ్ అయ్యాక లెక్కింపు కమిషన్ కర్జాయ్‌కి 54.6 శాతం అంది. ఫిర్యాదుల కమిషన్ దొంగ ఓట్లు ఏరేసింది, పది లక్షలకు పైగా ఓట్లు పోయాయి, కర్జాయ్ 49.67 శాతానికి దిగారు. సగం మార్కుకి ఒక శాతంలో మూడో వంతు తక్కువ. ప్రధాన ప్రత్యర్థి అబ్దుల్లా అబ్దుల్లాకి 30.59. అంటే రెండో విడత తప్పదు.

ఇక్కడ "విదేశీయులు కర్జాయ్ ఓట్లు లాగేశారు" అని ఒకరంటారు, "విదేశీయులు లేకపోతే రిగ్గింగ్ బయటపడేదే కాదు" అని ఇంకొకరంటారు. రెండో మాటకి సాక్ష్యం ఎక్కువ, దొంగ ఓట్లు నిజంగానే గుట్టలుగా ఉన్నాయి, మనుషులు అడుగుపెట్టలేని ఊళ్ళలో తెరవని పోలింగ్ కేంద్రాల నుంచి కూడా నిండు పెట్టెలొచ్చాయి. అయితే "విదేశీయులు" అంటే ఒకే మనిషి అనుకోవడం కూడా పొరపాటే. కాబూల్‌లో ఐక్యరాజ్యసమితి కార్యాలయం పెద్ద కై ఈడె, నార్వే ఆయన. ఆయన కింద పనిచేసిన అమెరికన్ పీటర్ గాల్‌బ్రెయిత్ రిగ్గింగ్‌ని కప్పిపుచ్చుతున్నారని ఈడెతో గొడవపడ్డారు, సెప్టెంబరు 30న గాల్‌బ్రెయిత్ ఉద్యోగమే పోయింది. ఒకే ఆఫీసులో పక్క పక్క గదుల వాళ్ళకే కుదరలేదు. కాబట్టి మీ రెండో గడిలో "ఐక్యరాజ్యసమితి" అనో "పశ్చిమ దేశాలు" అనో రాయకండి, మనిషి పేరు, హోదా రాయండి.

తీర్పరి గురించి ఇంకో చిన్న సంగతి. 2010 ఫిబ్రవరిలో కర్జాయ్ ఒక ఆదేశంతో ఫిర్యాదుల కమిషన్ సభ్యులందర్నీ తానే నియమించేలా మార్చుకున్నారు. ఎన్నిక అయిపోయాక నియమాలు ఎవరు మారుస్తున్నారో కూడా చూస్తూ ఉండండి, వచ్చే ఎన్నిక అక్కడే మొదలవుతుంది.

రానివ్వకపోవడం కూడా జోక్యమే

ఇది జనం మర్చిపోయే గడి. ఒకర్ని గెలిపించడానికి ప్రయత్నించడమే జోక్యం అనుకుంటాం, ఓటర్లని ఇంటి నుంచి కదలనివ్వకపోవడం అంతకన్నా పెద్దది. తాలిబన్ ఎన్నికల్ని బహిష్కరించమంది, సిరా ఉన్న వేళ్ళు కోస్తామంది, 2014 రెండో విడతలో హెరాత్ ప్రాంతంలో ముసలివాళ్ళ వేళ్ళు కోశారు కూడా. ఆ తాలిబన్ నాయకత్వం ఏళ్ళ తరబడి తలదాచుకుంది పాకిస్తాన్‌లో, వాళ్ళ అధినేత ముల్లా అఖ్తర్ మన్సూర్ 2016 మేలో డ్రోన్ దాడిలో చనిపోయింది బలూచిస్తాన్ రోడ్డు మీద. దక్షిణ, తూర్పు రాష్ట్రాల్లో పోలింగ్ తగ్గడం, ఆ ఖాళీల్లోనే దొంగ ఓట్లు నింపడానికి వీలు దొరకడం, ఇవన్నీ ఒకదానికొకటి ముడిపడిన సంగతులు.

అందుకే రాష్ట్రాల వారీగా పోలింగ్ అంకెలు దొరికితే తప్పకుండా చూడండి. భయంకరమైన యుద్ధం ఉన్నచోట ఓట్లు ఎక్కువ, ప్రశాంతంగా ఉన్నచోట తక్కువ పడితే అది ఎవరి కన్నుకైనా ఆనాలి. దేశం బయట ఉన్న ఓటర్ల సంగతి కూడా ఇందులోదే: 2004లో పాకిస్తాన్, ఇరాన్‌లలోని శరణార్థులు అక్కడి నుంచే ఓటేశారు, ఆ రెండు దేశాలూ ఒప్పుకున్నాయి కాబట్టి కుదిరింది. 2014 సిరియా ఎన్నికప్పుడు ఫ్రాన్స్, జర్మనీ తమ గడ్డ మీద ఆ ఓటింగ్ జరగనివ్వలేదు. ఎవరు ఓటేయాలో పక్క దేశాలు కూడా నిర్ణయిస్తాయన్న మాట.

అసలు సమయం: పోలింగ్‌కీ ఫలితానికీ మధ్య

మీకు రోజుకు అరగంటే టైం ఉందనుకోండి, అది ఇక్కడ పెట్టండి. మిగతావన్నీ తర్వాత చదువుకోవచ్చు.

2004లోనే దీని నమూనా కనిపించింది. పోలింగ్ రోజు కొన్నిచోట్ల వేలి మీద సిరా కడిగితే పోయింది, మధ్యాహ్నానికల్లా కర్జాయ్ ప్రత్యర్థులు 15 మంది బహిష్కరణ అన్నారు. విదేశీ రాయబారులు, ఐక్యరాజ్యసమితి వాళ్ళు ఒక్కొక్కరితో మాట్లాడారు, విచారణకి నిపుణుల బృందం వేస్తామన్నారు, కొద్ది రోజుల్లో గొడవ చల్లారింది. అప్పటికి ఖలీల్‌జాద్ ప్రత్యేక ప్రతినిధి నుంచి రాయబారి అయ్యారు, ఆ పేరు మళ్ళీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

2009లో కర్జాయ్ 49.67 ఒప్పుకోనన్నారు. అమెరికా సెనేటర్ జాన్ కెర్రీ కాబూల్‌లో రోజుల తరబడి ఆయనతో కూర్చున్నారు, గంటల కొద్దీ మాట్లాడారు, కలిసి తోటలో నడిచారు, చివరికి అక్టోబరు 20న కర్జాయ్ కెర్రీని పక్కన పెట్టుకుని రెండో విడతకి సరేనన్నారు. నవంబరు 7 అని తేదీ పెట్టారు. నవంబరు 1న అబ్దుల్లా తప్పుకున్నారు, 2న కర్జాయ్ గెలిచినట్టు ప్రకటించారు. చూడండి, ఫిర్యాదుల కమిషన్ ఏరివేతతో కర్జాయ్ ఓట్లు సగం కన్నా కిందకి దిగాయి, బయటి ఒత్తిడి వల్ల ఆయన దాన్ని ఒప్పుకున్నారు, అయినా అధ్యక్షుడు కర్జాయే. బయటివాళ్ళు విజేతని మార్చలేకపోయారు, తగువు ఎలా ముగియాలో మాత్రం వాళ్ళే చూశారు. ఈ తేడా తెలియకుండా ఎన్ని వార్తలు చదివినా లాభం లేదు.

2014 అయితే ఇంకా విచిత్రం, కొంచెం తీరిగ్గా చెప్తాను. ఏప్రిల్ 5న మొదటి విడత, అబ్దుల్లాకి 45 శాతం, అష్రఫ్ ఘనీకి 31.56. జూన్ 14న రెండో విడత. మొదటి విడతలో చెల్లిన ఓట్లు సుమారు 66 లక్షలు, రెండో విడతలో ఒక్కసారిగా 79 లక్షలయ్యాయి. పోలింగ్ కేంద్రాల దగ్గర జనం పెరిగినట్టు ఎవరికీ కనిపించలేదు, ఓట్లు మాత్రం పదమూడు లక్షలు పెరిగాయి. అబ్దుల్లా మనుషులు కొన్ని ఫోన్ రికార్డింగులు బయటపెట్టారు, వాటిలో ఎన్నికల కమిషన్ ముఖ్య అధికారి జియా ఉల్ హక్ అమర్‌ఖేల్ "గొర్రెల్ని" కొండల్లోకి తీసుకెళ్ళి మేపి తీసుకురమ్మని అంటున్నట్టు ఉంది, గొర్రెలంటే బ్యాలెట్ పెట్టెలట. ఆ గొంతు తనది కాదన్నారు, జూన్ 23న రాజీనామా మాత్రం చేశారు. జులై 7న వచ్చిన ప్రాథమిక ఫలితంలో ఘనీకి 56.44 శాతం, అబ్దుల్లాకి 43.56.

అబ్దుల్లా వర్గం సొంతంగా ప్రభుత్వం ప్రకటించుకుంటామంది. ఒబామా ఇద్దరికీ ఫోన్ చేశారు, చట్టం దాటి అధికారం లాక్కుంటే డబ్బూ భద్రతా సాయమూ ఆగిపోతాయని అమెరికా బహిరంగంగానే చెప్పింది. ఈసారి విదేశాంగ మంత్రి హోదాలో మళ్ళీ అదే కెర్రీ దిగారు. జులై 12న ఒప్పందం: దేశంలోని 23 వేల దాకా ఉన్న బ్యాలెట్ పెట్టెలన్నీ కాబూల్‌కి తెచ్చి మొత్తం ఆడిట్ చేయాలి, రవాణాకి నాటో దళాల సాయం, పర్యవేక్షణ ఐక్యరాజ్యసమితిది. ఎండల్లో గోదాముల్లో వారాల తరబడి పెట్టెలు తెరిచి ఒకే చేతిరాతతో గీసిన టిక్కుల్ని ఏరుతూ కూర్చున్నారు, మధ్యలో ఇరువర్గాల ఏజెంట్లు తన్నుకున్నారు కూడా.

అంతా అయ్యాక? సెప్టెంబరు 21న ఇద్దరూ కలిసి ప్రభుత్వం నడుపుతామని సంతకాలు పెట్టారు, ఘనీ అధ్యక్షుడు, అబ్దుల్లాకి రాజ్యాంగంలో లేని "ముఖ్య కార్యనిర్వాహకుడు" అనే కొత్త కుర్చీ. అదే రోజు ఎన్నికల కమిషన్ ఘనీ గెలిచారని ప్రకటించింది, ఎన్ని ఓట్లతో అన్నది మాత్రం చెప్పలేదు! ప్రపంచంలోకెల్లా పెద్ద ఓట్ల ఆడిట్లలో ఒకటి చేసి, ఆ అంకెలు ఓటేసినవాళ్ళకి ఆ రోజు చదివి వినిపించలేదు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చింది అంటారు కదా, ఇక్కడ పిల్లి పిట్టల్ని తినేయలేదు, ఇద్దరికీ గూడు కట్టి ఇచ్చింది, కానీ హెరాత్‌లో వేలు పోగొట్టుకున్న ముసలాయనకి తన ఓటు లెక్కలో ఉందో లేదో తెలియలేదు.

ఇలాంటి రోజుల్లో మీరు చేయాల్సిన పని: ఎవరు విమానం దిగారు, ఎవరెవర్ని కలిశారు, ఏ క్రమంలో కలిశారు, ఆ తర్వాత ఎవరి మాట మారింది అని తేదీలతో రాయడం. మాట మారిన రోజుకీ భేటీ రోజుకీ మధ్య గ్యాప్ ఎంతో చూస్తే చాలా సంగతులు వాటంతటవే బయటపడతాయి. మారకపోతే అదీ రాయండి.

అభినందనలు, మౌనాలు

ఫలితం వచ్చిన రోజు ఏ దేశం ఎప్పుడు అభినందించింది అని టైం చూసి రాసుకోండి. ఆలస్యం కూడా ఒక ప్రకటనే. 2019 సెప్టెంబరు 28న జరిగిన ఎన్నిక ఫలితం 2020 ఫిబ్రవరి 18న వచ్చింది, దాదాపు ఐదు నెలలు. నమోదైన ఓటర్లు 96 లక్షలు, చెల్లిన ఓట్లు 18 లక్షల చిల్లర. ఘనీకి 50.64 శాతం, అంటే సగానికి సుమారు 11 వేల ఓట్లు ఎక్కువ, అబ్దుల్లా వర్గం అభ్యంతరం చెప్పిన ఓట్లు మూడు లక్షలు. ఈ అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే అమెరికా వెంటనే ఎందుకు అభినందించలేదో కొంత అర్థమవుతుంది. ఇంకొంత ఏంటంటే, అప్పుడు తాలిబన్‌తో చర్చలు చివరి అంకంలో ఉన్నాయి, కాబూల్‌లో కొత్త గొడవ వాళ్ళకి అక్కర్లేదు.

మార్చి 9న కాబూల్‌లో ఒకే రోజు రెండు ప్రమాణ స్వీకారాలు జరిగాయి, ఘనీ ఒకచోట, అబ్దుల్లా ఇంకోచోట, ఇద్దరూ అధ్యక్షులమే అన్నారు. ఇలాంటప్పుడు ప్రసంగాలు వదిలేసి ముందు వరుస కుర్చీలు చూడండి. ఖలీల్‌జాద్, అమెరికా సైన్యాధికారి జనరల్ స్కాట్ మిల్లర్ కూర్చున్నది ఘనీ సభలో. అయినా తగువు తీరలేదు. మార్చి 23న విదేశాంగ మంత్రి మైక్ పాంపియో వచ్చి ఇద్దర్నీ కలిపే ప్రయత్నం చేసి, కుదరక, 100 కోట్ల డాలర్ల సాయం కోస్తామని ప్రకటించి వెళ్ళిపోయారు. మే 17న మళ్ళీ అధికార పంపకం ఒప్పందం. ఐదేళ్ళకోసారి ఇదే సినిమా.

ఆన్‌లైన్ సంగతి

దీనిమీద ఇప్పుడు అందరూ మాట్లాడతారు కాబట్టి నేను తక్కువే చెప్తా. 2014 మే 25న ఉక్రెయిన్ అధ్యక్ష ఎన్నిక, తూర్పున యుద్ధం అప్పుడే మొదలైంది. ఎన్నికల కమిషన్ కంప్యూటర్ల మీద దాడి జరిగింది, తప్పుడు ఫలితం చూపించేలా పెట్టిన ప్రోగ్రామ్‌ని అక్కడివాళ్ళు సమయానికి పట్టుకున్నారు, అయినా రష్యా ప్రభుత్వ టీవీలో తీవ్ర జాతీయవాద అభ్యర్థి ద్మిత్రో యారోష్‌కి 37 శాతం అని ఆ తప్పుడు బొమ్మే వచ్చింది. నిజంగా ఆయనకి వచ్చింది ఒక శాతం కూడా లేదు, గెలిచింది పెత్రో పొరొషెంకో. కాబట్టి ఫలితాల స్క్రీన్‌షాట్ ఏది కనబడినా ముందు కమిషన్ సొంత ప్రకటన వెతకండి, ఆ రాత్రికి దొరక్కపోతే పొద్దున దాకా ఆగండి, ప్రాణాలేం పోవు.

ఇంకోటి, ఒక్క దేశమే ఆడుతుందనుకోకండి. మధ్య ఆఫ్రికా గణతంత్రంలో 2020 డిసెంబరు 27 ఎన్నికకి కొద్ది రోజుల ముందు ఫేస్‌బుక్ కొన్ని దొంగ ఖాతాల గుంపుల్ని తీసేసింది, కొన్ని రష్యా వైపువి, ఒకటి ఫ్రాన్స్ సైన్యంతో సంబంధం ఉన్నవాళ్ళది. ఈ రెండు గుంపులూ ఒకరి పోస్టుల కింద ఒకరు కామెంట్లు పెట్టుకుంటూ, నువ్వు ఫేక్ అంటే నువ్వు ఫేక్ అని తిట్టుకుంటూ ఉన్నాయట. ఆ దేశం జనానికి ఆ వాదన వినే టైం దొరికిందో లేదో గానీ, "నకిలీ ఖాతా" అని ఎవరైనా అరిస్తే అరిచేవాడి ఖాతా కూడా ఒకసారి చూడాలని నాకు అప్పటి నుంచి అలవాటైంది.

ఇక నాలుగో గడి సంగతి

"విదేశీ హస్తం" అన్న ఆరోపణ కూడా ఎన్నికల ఆయుధమే. 2010 ఏప్రిల్ 1న కర్జాయ్ ఒక ప్రసంగంలో 2009లో అక్రమాలు జరిగిన మాట నిజమే, కానీ చేసింది విదేశీయులు అన్నారు. లక్షల ఓట్లు పోగొట్టుకున్న మనిషి ఆ మాట అనడంలో ఆశ్చర్యం లేదు. అలాగని ఆయన అన్నదంతా కొట్టేయడానికీ లేదు. అప్పట్లో అమెరికా రక్షణ మంత్రిగా ఉన్న రాబర్ట్ గేట్స్ 2014లో వచ్చిన జ్ఞాపకాల్లో, అఫ్గానిస్తాన్, పాకిస్తాన్ వ్యవహారాలకి అమెరికా ప్రత్యేక ప్రతినిధిగా ఉన్న రిచర్డ్ హోల్‌బ్రూక్ కర్జాయ్‌ని ఓడించడానికి పావులు కదిపారని, అది మొరటుగా చేసి విఫలమైన కుట్ర అని రాశారు. సొంత ప్రభుత్వం మనిషే చెప్తున్నాడు కాబట్టి బలమైన సాక్ష్యమే. కానీ హోల్‌బ్రూక్ 2010 డిసెంబరులోనే చనిపోయారు, జవాబు చెప్పడానికి లేరు.

అందుకని నేను నాలుగో గడిలో మూడు గుర్తులు వాడతాను. చేసినవాడే ఒప్పుకున్నదీ కాగితం మీద ఉన్నదీ అయితే నిండు చుక్క (కర్జాయ్ నగదు, కెర్రీ ఒప్పందం). పక్కనున్నవాడు, ఏదో ఒక ప్రయోజనం ఉన్నవాడు చెప్పింది అయితే సగం చుక్క (గేట్స్ మాట). "ఎవరికి లాభమో చూడండి, మీకే తెలుస్తుంది" అనే రకం అయితే ఖాళీ సున్నా. నెల తర్వాత పేజీ తిరగేస్తే ఎక్కువ ఖాళీ సున్నాలే కనిపిస్తాయి, వాటిని ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి.

ఫలితం వచ్చాక నోట్‌బుక్ మూసేయకండి

ఇంకో మూడు నెలలు రాయండి, ఏమేం సంతకాలయ్యాయో చూడటానికి. 2014 సెప్టెంబరు 29న ఘనీ ప్రమాణం చేశారు, 30న, సరిగ్గా మర్నాడు, కర్జాయ్ పెట్టనన్న ఆ భద్రతా ఒప్పందం మీద సంతకమైంది. నిజానికి ఘనీ, అబ్దుల్లా ఇద్దరూ ప్రచారంలోనే పెడతామన్నారు, అంటే ఈ విషయంలో ఎవరు గెలిచినా అమెరికాకి ఒకటే. ఏ అభ్యర్థి ఏ దేశం మనిషి అని తలలు పట్టుకునే ముందు ఇలా అభ్యర్థులందరూ ఒకే మాట చెప్తున్న అంశం ఏదైనా ఉందా అని చూడండి, ఉంటే బయటివాళ్ళకి కావాల్సింది అక్కడే ఉండొచ్చు.

2020లో అయితే ఫలితం ఫిబ్రవరి 18న, అమెరికా సైన్యం వెనక్కి వెళ్ళడానికి తాలిబన్‌తో చేసుకున్న దోహా ఒప్పందం ఫిబ్రవరి 29న. సంతకాలు చేసింది అమెరికా తరఫున ఖలీల్‌జాద్, తాలిబన్ తరఫున అబ్దుల్ ఘనీ బరాదర్. పదకొండు రోజుల క్రితం గెలిచినట్టు ప్రకటించిన అధ్యక్షుడి ప్రభుత్వానికి ఆ బల్ల దగ్గర కుర్చీ లేదు, అయినా ఆ ప్రభుత్వం జైళ్ళలో ఉన్న 5,000 మంది దాకా తాలిబన్ ఖైదీల్ని వదలాలని ఆ కాగితంలో ఉంది. మార్చి 1న ఘనీ, ఖైదీలను వదులుతామని మేం ఎవరికీ మాట ఇవ్వలేదన్నారు. ఆ మాట పక్కన తేదీ వేసుకుని, చివరి 400 మందిని వదలడానికి ఆయనే లోయా జిర్గా పిలిచిన 2020 ఆగస్టు దాకా గడులు నింపుకుంటూ వెళ్ళండి.